ఫ్యాక్టరీ రోడ్డు మీద వీధి లైటు: పన్ను కట్టేవాడిదా పెత్తనం, పక్క ఊరిదా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వీధి లైటుతో మొదలుపెడతా.

మాది పాత నెల్లూరు జిల్లాలో, గూడూరు దగ్గర ఒక పల్లె. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా పిన్ని కూతురిని తీసుకురావడానికి బండేసుకుని వెళ్ళా. తను ఒక ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్ట్ చేస్తుంది. రాత్రి పదకొండు దాటింది. పారిశ్రామికవాడ లోపల చూస్తే పెద్ద రోడ్డు, మధ్యలో పూల మొక్కలు, వరసగా ఎల్‌ఈడీ లైట్లు. ఆర్చి దాటి ఇవతలికి వస్తే ఊరి దాకా చీకటి. రోజూ ఆ ముక్క దూరం ఫోన్ టార్చ్ వేసుకుని నడుస్తారంట ఆ అమ్మాయిలు.

ఇంటికొచ్చి మా మామని అడిగా. ఆయన ఒకప్పుడు వార్డు మెంబరు. "పంచాయతీ వాళ్ళకి చెప్పి నాలుగు లైట్లు వేయించొచ్చు కదా మామా?" అంటే ఆయన నవ్వాడు. "వేస్తే కరెంటు బిల్లు ఎవరు కట్టాలిరా అబ్బయ్యా? ఫ్యాక్టరీల పన్ను మన పంచాయతీ వసూలు చేసేది కాదు. ఆ డబ్బు చాలావరకు లోపలే తిరుగుతా ఉంటాది."

నేనేమో, వాళ్ళ డబ్బుతో వాళ్ళు లైట్లు వేసుకుంటే తప్పేముంది అన్నా. దానికాయన ఒక్క మాటన్నాడు. "లైట్లు వాళ్ళవేలే. ఊరు ఎవరిది?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వ్యాపారాలు తమ మీద తామే పన్ను వేసుకుని, ఆ డబ్బుతో తమ ప్రాంతాన్ని తామే బాగుచేసుకుంటే, ఆ ప్రాంతం మీద పెత్తనం ఎవరికుండాలి? డబ్బు కట్టేవాళ్ళకేనా? అక్కడ పనిచేసేవాళ్ళకీ, పక్కన బతికేవాళ్ళకీ వాటా ఉండాలా? ఇది కొత్త ప్రశ్న అనుకుంటాం గానీ కాదు. మా తీరంలోనే దీనికి 700 ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

కృష్ణపట్నం వర్తకులు

కృష్ణపట్నం అనగానే మనకి 2008లో మొదలైన ప్రైవేటు పోర్టు గుర్తొస్తుంది. కానీ 13వ శతాబ్దంలోనే అక్కడ రేవు ఉంది. అప్పటి పేరు కొల్లితురై. గండగోపాల పట్టణం అని కూడా పిలిచేవాళ్ళు. నెల్లూరు నుంచి తెలుగు చోడులు ఏలిన రోజులవి. తిక్కన గారిని ఆదరించిన మనుమసిద్ధి పేరు మీద ఆ ఊళ్ళో ఒక శివాలయం ఉండేది. నెల్లూరు జిల్లా శాసనాలన్నీ సేకరించి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో మూడు సంపుటాలుగా అచ్చేశారు. కృష్ణపట్నం శాసనాలు అందులో ఉన్నాయి.

ఒక శాసనంలో విషయం ఏంటంటే, ఆ రేవులో వ్యాపారం చేసే వర్తకులు అందరూ కూడి, దిగే సరుకు మీద, ఎక్కే సరుకు మీద ఒక చిన్న వాటా గుడికి ఇవ్వాలని కట్టుబాటు చేసుకున్నారు. ఇక్కడ పన్ను వేసింది రాజు కాదు. వర్తకులు తమ మీద తామే వేసుకున్నారు. రకరకాల దేశాల నుంచి వచ్చిన వర్తకులు ఒక సంఘంగా కూర్చుని, "ఇంత ఇద్దాం, అందరం ఇద్దాం" అని రాయి మీద చెక్కించారు. నిర్ణయం వాళ్ళది, డబ్బూ వాళ్ళదే.

ఇదే తీరం వెంట ఉత్తరానికి పోతే ఇప్పటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి వస్తుంది. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు గాలివానకి ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్ళు. గణపతిదేవుడు అలా చేయనని మాటిచ్చాడు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నాడు, ఆ సుంకాన్ని 30లో ఒక వంతుగా ఖాయం చేశాడు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మోటుపల్లిలో పన్ను రాజుది, నియమం రాజుది. కృష్ణపట్నంలో పన్ను వర్తకులది, నియమమూ వర్తకులదే. కానీ ఒకటి గమనించాలి. కృష్ణపట్నం వర్తకుల సంఘం ఊరిని ఏలలేదు. ఊరివాళ్ళ నీళ్ళ మీద, భూమి మీద అధికారం అడగలేదు. తమ సరుకు మీద తాము వేసుకున్న వాటాని తాము అనుకున్న పనికి ఇచ్చారు, అంతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

తిరునాళ్ల చందా సమస్య

ఇక్కడ మీకో డౌట్ రావచ్చు. పన్ను ఎందుకు, చందాలు వేసుకుంటే సరిపోదా?

మీ ఊరి తిరునాళ్ళు గుర్తు తెచ్చుకోండి. లైటింగ్‌కి, పాటకచేరికి అందరి దగ్గరా చందా వసూలు చేస్తారు. పదిమంది ఇస్తారు, ఇద్దరు ఎగ్గొడతారు. కానీ లైటింగ్ చూసేటప్పుడు ఆ ఇద్దరు కళ్ళు మూసుకోరు కదా! మరుసటి ఏడాది ఇచ్చిన పదిమందిలో ముగ్గురు, "మేమెందుకివ్వాలి?" అంటారు. రెండేళ్ళకి లైటింగే ఉండదు.

కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారులో సరిగ్గా ఇదే జరిగింది. 1960ల చివర్లో మెట్రో రైలు వచ్చి జనం భూమి కిందనుంచి వెళ్ళిపోతున్నారు, కొత్త మాల్స్ బేరాలు లాక్కుంటున్నాయి. వీధిని బాగుచేసుకుందామని షాపులవాళ్ళు అనుకున్నారు. చందాలతో పని జరగలేదు. అందుకని చట్టమే మార్పించుకున్నారు. ఆ హద్దుల్లో ఉన్న ప్రతి వ్యాపారం అదనపు పన్ను కట్టాల్సిందే, వసూలు చేసేది నగరపాలక సంస్థ, ఖర్చు చేసేది వ్యాపారుల బోర్డు. 1970లో అలా మొదలైంది. ప్రపంచంలో ఈ రకం ప్రత్యేక పన్ను ప్రాంతాల్లో మొదటిది అదే అంటారు. తర్వాత అమెరికా, బ్రిటన్, ఇంకా చాలా దేశాలకు పాకింది.

టొరంటో వాళ్ళు పెట్టిన చిన్న మెలిక నాకు బాగా నచ్చింది. బోర్డు సభ్యుల్ని వ్యాపారులు ఎంచుకున్నా నియమించేది నగర కౌన్సిల్. ఆ వార్డు నుంచి జనం ఓట్లతో గెలిచిన కౌన్సిలర్‌కి కూడా అందులో సీటు ఉంటుంది. డబ్బు వ్యాపారులదే, కానీ తలుపు మాత్రం జనం వైపు తెరిచే ఉంచారు.

న్యూయార్క్ కోర్టు ఏమంది?

అమెరికాలో ఈ గొడవ కోర్టు దాకా వెళ్ళింది. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ చుట్టూ ఇలాంటి ప్రాంతం ఉంది. అక్కడి చట్టం ప్రకారం బోర్డులో మెజారిటీ బిల్డింగుల ఓనర్లదే. అద్దెకుండే మామూలు జనానికి నామమాత్రపు చోటు. "ఒక మనిషికి ఒక ఓటు అనేది రాజ్యాంగ సూత్రం కదా, మాకెందుకు సమాన ఓటు లేదు?" అని కేసు వేశారు.

1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. కేసు వేసినవాళ్ళు ఓడిపోయారు. కోర్టు చెప్పిన కారణం నా మాటల్లో ఇదీ: ఈ సంస్థ చేసేది ఊడ్చడం, సెక్యూరిటీ, వీధి అలంకరణ లాంటి కొద్దిపాటి పనులు. దీని భారం ఎక్కువగా ఓనర్ల మీదే పడుతుంది. పైగా అసలు ప్రభుత్వ అధికారం నగరపాలక సంస్థ చేతిలోనే ఉంది. కాబట్టి ఓనర్లకి మెజారిటీ ఇచ్చినా తప్పు లేదు.

ఈ తీర్పు ఓనర్ల గెలుపులా కనిపిస్తుంది. కానీ తిరగేసి చదవండి. కట్టేవాళ్ళకి పెత్తనం ఎప్పుడు సబబు? వాళ్ళ అధికారం చిన్నదైనప్పుడు, పైన జనం ఎన్నుకున్న ప్రభుత్వం ఉన్నప్పుడు. ఈ రెండిట్లో ఒకటి పోయినా ఆ వాదన నిలబడదు. విచిత్రం ఏంటంటే, అదే 1998లో న్యూయార్క్ నగర ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం కొనసాగించనని మొండికేసింది. సంస్థ నాయకత్వం మారాల్సొచ్చింది. అంటే బోర్డు ఓనర్లదే అయినా తాళంచెవి జనం ఎన్నుకున్నవాళ్ళ దగ్గరే ఉంది.

మన ఐలా సంగతి

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. 1973లో ఏపీఐఐసీ పుట్టింది. భూమి తీసుకుని, లేఅవుట్ వేసి, రోడ్లు కరెంటు నీళ్ళు ఇచ్చి పరిశ్రమలకి ప్లాట్లు ఇవ్వడం దాని పని. కానీ ఎస్టేట్ కట్టాక దాన్ని నడపడం ఎవరి పని? చాలా ఎస్టేట్లు పల్లెల పొలాల్లో వచ్చాయి. చిన్న పంచాయతీకి పెద్ద ఫ్యాక్టరీల డ్రైనేజీ చూసే శక్తి ఉండేది కాదు. పరిశ్రమల వాళ్ళు, "పన్ను కడుతున్నాం, గుంతలు మాత్రం పూడటం లేదు" అని గోల పెట్టేవాళ్ళు. అందులో నిజం లేకపోలేదు.

దానికి దొరికిన దారే ఐలా, అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. పేపర్లో ఈ మాట చూసే ఉంటారు. ఒక పారిశ్రామికవాడని ఐలాగా ప్రకటిస్తే అక్కడ స్థానిక సంస్థ చేసే పనులు ఏపీఐఐసీకి వస్తాయి. ఆస్తి పన్ను వసూలు, ప్లాన్ అప్రూవల్, రోడ్లు, లైట్లు అన్నీ. కమిషనర్‌గా ఏపీఐఐసీ అధికారి ఉంటారు. పరిశ్రమల ప్రతినిధులతో కమిటీ ఉంటుంది. వసూలైన ఆస్తి పన్నులో సాధారణంగా 35 శాతం పక్కనున్న పంచాయతీకో మునిసిపాలిటీకో ఇవ్వాలి, మిగతా 65 శాతం ఎస్టేట్ కోసమే వాడాలి. 100 రూపాయలు వస్తే 65 ఆర్చి లోపల, 35 ఆర్చి బయట అన్నమాట.

హైదరాబాద్ వైపు ఇది ఇంకో అడుగు ముందుకెళ్ళింది. చర్లపల్లి లాంటి చోట్ల ఐలాకి ఎన్నికలు కూడా జరుగుతాయి. ప్యానెళ్ళు, ప్రచారం, చైర్మన్ పదవి అన్నీ ఉంటాయి. ఓటర్లు మాత్రం పారిశ్రామికవేత్తలే. అక్కడ రోజూ మెషీన్ల మీద నిలబడే కార్మికుడికి ఓటు లేదు, గోడ అవతల కాపురముండే కుటుంబానికీ లేదు.

మా మామ చెప్పిన దాంట్లో సగమే నిజమని నాకప్పుడు అర్థమైంది. పన్ను పంచాయతీ వసూలు చేయదు, నిజమే. కానీ వాటా రావాలి. ఎంత వచ్చింది, ఎప్పుడొచ్చింది, దేనికి ఖర్చయింది అని మా ఊళ్ళో ఎవరూ అడిగినట్టు లేరు. మా మామ కూడా అడగలేదంట. "అడగొచ్చని ఎవురికి తెలుసురా?" అన్నాడు.

రాజ్యాంగంలో ఒక చిన్న కిటికీ

నేను బీటెక్ అయ్యాక బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో నాలుగేళ్ళు కోడ్ రాశా. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. లోపల నీట్‌గా ఉంటుంది. నేనుండే పీజీ మాత్రం పక్క ఊళ్ళో. వేసవి వస్తే నీళ్ళ ట్యాంకర్, వానొస్తే మోకాళ్ళ దాకా బురద. అప్పట్లో, "కంపెనీలు నడిపితే ఇంత బాగుంటుంది, పంచాయతీ నడిపితే ఇంతే" అని నేనే అనేవాణ్ణి.

తర్వాత తెలిసింది, ఎలక్ట్రానిక్ సిటీని 2013లో ప్రత్యేక పారిశ్రామిక టౌన్‌షిప్ చేశారని. దానికి రాజ్యాంగంలోనే దారి ఉంది. 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, పట్టణాలకి ఎన్నికైన మునిసిపాలిటీలు ఉండాలంది. కానీ 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు పెట్టారు. ఒక ప్రాంతంలో మునిసిపల్ సేవలు పరిశ్రమే ఇస్తుంటే, లేదా ఇస్తానంటే, గవర్నర్ దాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించొచ్చు. అక్కడ మునిసిపాలిటీ అక్కర్లేదు. మునిసిపాలిటీ లేదంటే వార్డు లేదు, వార్డు లేదంటే కౌన్సిలర్ లేడు.

ఇది తెలిశాక నా పీజీ గుర్తొచ్చింది. లోపల బాగుండటానికి, బయట బాగోకపోవడానికి మధ్య సంబంధం ఉండొచ్చని నాకు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. బాగా పన్ను కట్టే ముక్కని ఊరి నుంచి కోసి పక్కన పెడితే, మిగిలిన ఊరికి మిగిలేది జనం, చెత్త, ట్రాఫిక్. రెండిటినీ పోల్చి "చూశారా, పంచాయతీ అంటేనే ఇంత" అనడం న్యాయం కాదు.

అయితే ఎవరికి ఇవ్వాలి?

పరిశ్రమల వైపు వాదన కూడా వినాలి. మా తీరాన్ని ఆ ఫ్యాక్టరీలే మార్చాయి. తడ మండలం మాంబట్టులో అపాచీ షూ ఫ్యాక్టరీకి బస్సుల్లో వెళ్ళే వేలమంది ఆడవాళ్ళని అడగండి, సొంత జీతం అంటే ఏంటో చెప్తారు. తడ పక్కనే 2008 నుంచి పెరిగిన శ్రీసిటీలో కార్లు, ఫోన్లు, చాక్లెట్లు తయారవుతున్నాయి. అక్కడ రోడ్లూ నీళ్ళూ ప్రైవేటు డెవలపర్ చూసుకుంటారు. రాత్రి పగలు నడిచే ఫ్యాక్టరీకి పైపు పగిలితే ఆ రోజే బాగవ్వాలి. వాళ్ళు కట్టిన డబ్బు ఎన్నికల ముందు ఇంకెక్కడికో పోకూడదు అనే భయమూ అర్థం చేసుకోదగ్గదే.

కానీ కట్టేవాడికే పెత్తనం అనేది మన దగ్గర సహజ సూత్రమేమీ కాదు. మన మార్కెట్ యార్డు చూడండి. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ ఫీజు కట్టేది కొనేవాళ్ళు. కమిటీలో ఎక్కువ సీట్లు మాత్రం రైతులవి. ఎందుకంటే ఆ యార్డు బాగున్నా బాగోకపోయినా బతుకు ఆధారపడేది రైతుది. ఆ కమిటీల్ని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది, రాజకీయాలు బోలెడుంటాయి, అది వేరే ఎపిసోడ్. సూత్రం మాత్రం చట్టం ఒప్పుకుంది: డబ్బు ఎవరిచ్చారన్నది ఒక లెక్క, భారం ఎవరి మీద పడుతుందన్నది ఇంకో లెక్క.

నా ఆలోచన ఇదీ. కృష్ణపట్నం వర్తకుల దగ్గరికి మళ్ళీ వస్తున్నా. మొక్కలు, లైట్లు, లోపలి రోడ్లు, సెక్యూరిటీ: వీటి డబ్బు మీద పెత్తనం కట్టేవాళ్ళకే ఇవ్వండి. వాళ్ళు మనకంటే బాగా చేస్తారు. కానీ సంస్థ చెయ్యి ఆర్చి దాటిన క్షణం నుంచి లెక్క మారాలి. భూగర్భ జలం తోడేటప్పుడు, మురుగు కాలవలోకి వదిలేటప్పుడు, ఊరి దారి మూసేటప్పుడు, బిల్డింగ్ ప్లాన్లకి అనుమతి ఇచ్చేటప్పుడు అది వ్యాపారుల సంఘం కాదు, ప్రభుత్వం. ప్రభుత్వానికి ఓటర్లు ఉండాలి. ఆ కమిటీలో చుట్టుపక్కల సర్పంచులకి, కార్మికుల ప్రతినిధికి సీటు ఉండాలి. చూడ్డానికి పిలిచే సీటు కాదు, ఓటున్న సీటు. జమాఖర్చులు గ్రామసభలో చదవాలి. కొన్నేళ్ళకోసారి ఈ ఏర్పాటు కొనసాగాలా వద్దా అని మళ్ళీ అడగాలి.

"సర్పంచులు వస్తే రాజకీయం వస్తుంది" అంటారు. వస్తుంది. రాత్రి పదకొండింటికి చీకట్లో నడిచే పిల్ల గురించి ఎవరో ఒకరు మీటింగ్‌లో నోరెత్తడాన్నే రాజకీయం అంటే, అది రావాల్సిందే.

ఇప్పుడే ఎందుకు?

ఎందుకంటే మా తీరంలో ఇంకో పెద్దది వస్తోంది. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా కృష్ణపట్నం నోడ్, క్రిస్ సిటీ అంటున్నారు. 2020 డిసెంబర్ 30న కేంద్ర క్యాబినెట్ 2,139.44 కోట్ల అంచనాతో ఆమోదించింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. కోట, చిల్లకూరు మండలాల వైపు భూములు. నడిపేది కేంద్రం తరఫు సంస్థ, ఏపీఐఐసీ కలిసి పెట్టిన కంపెనీ.

ఇంకా ఫ్యాక్టరీలు నిండలేదు. అంటే నియమాలు రాసుకోవడానికి ఇదే టైమ్. సాఫ్ట్‌వేర్‌లో మాకు తెలిసిన విషయం ఒకటుంది. ఎవరికి ఏ యాక్సెస్ ఇవ్వాలో మొదట్లో డిజైన్ చేస్తే గంట పని. సిస్టమ్ లైవ్‌లోకి వెళ్ళాక మార్చాలంటే ఏడాది పని, అందరితో గొడవ.

మీ ఊరి పక్కన పారిశ్రామికవాడ ఉంటే ఈ వారం ఒక పని చేయండి. గత మూడేళ్ళలో ఐలా నుంచి మీ పంచాయతీకి ఎంత వాటా వచ్చింది, ఏ పద్దు కింద ఖర్చయింది అని సమాచార హక్కు కింద రాసి అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు కూడా లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. మా మామ పేరు మీద ఒకటి నేను రాసిచ్చా. సంతకం పెట్టేటప్పుడు ఆయన, "ఇన్నేళ్ళు మెంబరుగా ఉండి ఈ కాయితం రాయలేకపోతిని" అన్నాడు.

జవాబు రాగానే ఇంకో వీడియో చేస్తా. అందాకా మా చెల్లి ఫోన్ టార్చ్‌తోనే నడుస్తోంది. ఉంటా మరి, నమస్తే.